మా అంబాసిడర్‌కు ఐదవ గేరు

ఒక సంఘ కాపరి తన పాత కారు బాగుచేయించుకున్న సంగతి ఈ పత్రికలో ఎందుకని మీలో కొందరు అనుకోవచ్చు. నేనూ అలాగే అనుకొని కొన్ని నెలలు రాయకుండా ఊరుకున్నాను. అయితే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వైపు సంఘాలలో మా కారును ఎరుగనివారు తక్కువ. ఏ కూడికకు వెళ్ళినా "అయ్యగారూ, గేరు కిందికి పెట్టించినారంట గదా, ఎట్లుంది?" అని అడుగుతున్నారు. అడిగినవారికల్లా "బాగుంది" అని చెబుతూ వచ్చాను. ఆ జవాబులో సగమే నిజం. మిగిలిన సగం ఇక్కడ చెప్పుకుంటాను.

మాది 1972లో తయారైన అంబాసిడర్, మార్క్-2. ఇంగ్లాండు వారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాను తీసుకొని హిందుస్థాన్ మోటార్స్ వారు బెంగాలులోని ఉత్తర్‌పాడా ఫ్యాక్టరీలో 1950ల చివరలో మొదలుపెట్టి, 2014 మే నెల వరకు తయారుచేసిన బండి ఇది. 1489 సి.సి. పెట్రోలు ఇంజను, నాలుగు గేర్లు. మా నాన్నగారు గ్రామ సువార్తికులు. సైకిలు మీద ఎండనక వాననక తిరుగుతున్న ఆయనను చూసి, వనపర్తిలో ఒక పెద్దాయన తాను కొత్త బండి కొనుక్కున్నప్పుడు ఈ పాతదాన్ని 1984లో ఇచ్చేశారు. నాన్నగారు 2009 దాకా దానిని నడిపారు. 2011లో ప్రభువు సన్నిధికి వెళ్ళిపోయారు. అప్పటినుండి అది నా చేతిలో ఉంది.

దాని ముందు సీటు గురించి మొదట చెప్పాలి. ఈ కాలపు కార్లలో ఉన్నట్టు రెండు విడి కుర్చీలు కావు. బల్లలాగా ఈ తలుపు నుండి ఆ తలుపు దాకా ఒకటే పొడుగు సీటు. గేరు రాడ్డు స్టీరింగుకు ఎడమ పక్కన, చక్రం కిందనే ఉండేది గనుక కాళ్ళ దగ్గర అడ్డేమీ లేదు. డ్రైవరు కాక ఇంకా ఇద్దరు కూర్చునేవారు. నాన్న నడుపుతుంటే పక్కన మధ్యలో అమ్మ, అవతల కిటికీ దగ్గర ఆ రోజు మాతో వచ్చిన పెద్దమనిషి ఎవరైనా. వెనుక పిల్లలం, పాటల పుస్తకాలు, హార్మోనియం పెట్టె, వచ్చేటప్పుడు ఎవరో ఒకరు ప్రేమతో వేసిన వేరుశనక్కాయల మూట.

ఆ మధ్య చోటులో అమ్మకు ఒక పని ఉండేది. రాత్రి కూడికలు ముగిసి పదకొండింటికి బయలుదేరితే నాన్నకు కునుకు వచ్చేది. అమ్మ కొంగులో బొరుగులు, పుట్నాలు కట్టుకొని వచ్చేది. పిడికెడు తీసి ఆయన ఎడమ అరచేతిలో పెట్టేది. నమలడం ఆగిందంటే నిద్ర వస్తున్నదని ఆమెకు గుర్తు. అప్పుడు చెవి మెలిపెట్టేది. కారు నడపడం ఆమెకు రాదు, రోడ్డు మీద ఏ బోర్డూ చదవలేదు. కానీ ఇంజను చప్పుడు విని "బండి ఏడుస్తాంది, గేరు దించుండ్రి" అనేది. ఆమె మాట తప్పిన రోజు నాకు జ్ఞాపకం లేదు.

నాన్న పోయిన తరువాత కూడా ఆమె ఆ చోటులోనే కూర్చుంది. నేను నడిపేవాడిని, కిటికీ దగ్గర మా ఇంటావిడ, మధ్యలో అమ్మ.

ఇక గేరు సంగతి. స్టీరింగు దగ్గర ఉండే గేరును మనవాళ్ళు స్టీరింగ్ గేరు, హ్యాండ్ గేరు అంటారు. డ్రైవరు రాడ్డును తన వైపుకు లాగడం, అవతలికి నెట్టడం ఒక కదలిక. అది ఏ జత గేర్లు కావాలో ఎంచుతుంది. పైకి, కిందికి అనడం రెండో కదలిక. అది ఆ జతలో ఒకదానిని వేస్తుంది. ఈ రెండు కదలికలూ స్టీరింగు గొట్టం వెంట కిందికి దిగి, బానెట్ లోపల చిన్న చేతుల్లాంటి ముక్కలకు చేరి, అక్కడినుండి కడ్డీల మీదుగా గేరు పెట్టె వరకు పోతాయి. దారిలో ఎన్ని మలుపులో అన్ని కీళ్ళు, ప్రతి కీలులోనూ ఒక బుష్షు. ఒక్కొక్క బుష్షు వెంట్రుకవాసి అరిగినా, అన్నీ కలిసి చేతి దగ్గరికి వచ్చేసరికి జానెడు ఆట అవుతుంది. చివరకు ఒకరోజు ఒక గేరు పూర్తిగా విడవకముందే రెండోది పట్టబోతుంది. రెండూ చిక్కుకొని రాడ్డు కదలదు. దీనిని గేరు లాక్ అయింది అంటారు. అంబాసిడర్ నడిపిన పాత డ్రైవర్లను అడగండి, ప్రతివాడూ ఎక్కడో ఒకచోట నడిరోడ్డు మీద బానెట్ ఎత్తి, స్క్రూడ్రైవరుతో ఆ చేతులను న్యూట్రలుకు తట్టినవాడే.

2020లో నాకు ఎడమ భుజం బిగుసుకుపోయింది. ఫ్రోజెన్ షోల్డర్ అన్నారు డాక్టరుగారు. షుగరు ఉన్నవారికి ఇది ఎక్కువగా వస్తుందట, నాకూ షుగరు ఉంది. చెయ్యి భుజం ఎత్తుకు లేవదు. ఆదివారం ఉదయం ఒక ఊరిలో ఆరాధన, మధ్యాహ్నం ఇంకొక ఊరు, రాత్రి గృహకూడిక. గద్వాల నుండి ఎర్రవల్లి చౌరస్తా, బీచుపల్లి దగ్గర కృష్ణ వంతెన, పెబ్బేరు, వనపర్తి, ఆ తరువాత బిజినేపల్లి మీదుగా నాగర్‌కర్నూలు. ఈ దారిలో గేర్లు ఎన్నిసార్లు మార్చాలో లెక్కపెట్టిన వాడిని కాను గానీ, ఇంటికి వచ్చాక చొక్కా విప్పడానికి మా ఇంటావిడ సహాయం చేయవలసి వచ్చేది.

2022 డిసెంబరులో ఒక రాత్రి గద్వాలకు ఇవతల ఒక పల్లెలో ప్రార్థన ముగించి బయలుదేరబోతున్నాము. ఒక ఇంటివారు పరుగున వచ్చి, కోడలికి నొప్పులు వస్తున్నాయి, తీసుకొని పొమ్మన్నారు. ఆ బిడ్డను, ఆమె తల్లిని వెనుక కూర్చోబెట్టుకొని బయలుదేరాము. రైలు గేటు దగ్గర ఆగవలసి వచ్చింది. రైలు వెళ్ళిపోయింది, గేటు లేచింది, మొదటి గేరు వేయబోతే రాడ్డు రాలేదు. ఇటు రాదు, అటు పోదు. దిగి బానెట్ ఎత్తాను. సెల్ ఫోను లైటు మా ఇంటావిడ పట్టుకుంది. చేతులను తట్టాలంటే ఎడమ చెయ్యి లోపలికి పెట్టి వంగాలి, ఆ భుజంతో వంగలేకపోయాను. వెనుక నుండి బిడ్డ కేకలు. అమ్మ ఎప్పుడు దిగిందో, వెనుక తలుపు తీసి ఆ పిల్ల తలను తన ఒడిలో పెట్టుకొని కూర్చున్నది. ఆ సమయాన నేను చేసిన ప్రార్థనలో మాటలు లేవు. వెనుక ఆగిన లారీ డ్రైవరు దిగివచ్చి, "జరుగు సార్" అని స్పానరుతో రెండు దెబ్బలు వేసి విడిపించాడు. అంతా కలిపి ఇరవై నిమిషాలు పోయాయి. ఆసుపత్రికి చేరిన పావుగంటకు మగబిడ్డ పుట్టాడు. తల్లీబిడ్డా క్షేమం. ఇంకొంచెం ఆలస్యమైతే ఏమయ్యేదో నర్సమ్మ చెప్పింది గానీ ఇక్కడ రాయను.

మరునాడే నిశ్చయించుకున్నాను, గేరు కిందికి పెట్టించాలని.

సంఘ పెద్దలలో కొందరు బండిని అమ్మి వేరొకటి తీసుకోమన్నారు. అమ్మితే పాత ఇనుము ధర వస్తుంది, కొత్తది కొనాలంటే నా జీతం మీకు తెలిసినదే. హైదరాబాదులో పాత కార్లంటే ప్రాణమిచ్చే ఒక పరిచయస్థుడు ఫోనులో గట్టిగా వద్దన్నాడు. "పాస్టరుగారూ, మీ బండికి యాభై ఏళ్ళు నిండాయి, అది ఇప్పుడు వింటేజ్. ఏమీ కోయకండి" అన్నాడు. నిజమే, 2021లో కేంద్రం చేసిన నియమం ప్రకారం యాభై ఏళ్ళు దాటి అసలు రూపంలో ఉన్న బండికి వేరే రిజిస్ట్రేషను, 'వి.ఏ.' అక్షరాలున్న నెంబరు ఇస్తారు. ఇరవై వేలు కడితే పదేళ్ళు. కానీ అలా నమోదైన బండిని ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలుకో, మరమ్మతుకో తప్ప రోజువారీ పనికి రోడ్డు మీద తిప్పకూడదు. ప్రదర్శనకు పెట్టుకోవడానికి నా దగ్గర ఉన్నది కారు కాదు, కాళ్ళు.

చట్టం సంగతి కూడా కనుక్కున్నాను. కాపరి తప్పు బండిలో తిరిగితే సంఘానికి ఏమి చెప్పగలడు? మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారుచేసినవారు మొదట ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీనినే గట్టిగా చెప్పింది. ఆఫీసుకు వెళ్ళి అడిగాను. ఇంజను నెంబరు, ఛాసిస్ నెంబరు, సీట్ల సంఖ్య పత్రంతో సరిపోవాలి, పని అయ్యాక బండిని తెచ్చి చూపించండి అన్నారు. పత్రం తీసి చూస్తే సీట్లు అయిదు అని ఉంది, డ్రైవరుతో కలిపి. ముందు రెండు, వెనుక మూడు. నలభై ఏళ్ళు ముందు ముగ్గురం కూర్చున్నాము గానీ కాగితం మీద ఆ మధ్య సీటు ఎన్నడూ లేదు. ముందు రెండు విడి కుర్చీలు వేస్తే లెక్క సరిగ్గా సరిపోతుందని నేను సంతోషపడ్డాను. ఆ సంతోషంలో ఎవరి చోటు పోతున్నదో నాకు తట్టలేదు.

మేస్త్రీ గద్వాలలో పాత మనిషి, జీపుల పనిలో పండినవాడు. ఆయన రెండు దారులు చెప్పాడు. పాత గేరు పెట్టెనే ఉంచి, దాని కడ్డీలకు కింది నుండి రాడ్డు కట్టడం ఒకటి. ఇది చవక, కానీ అరిగిన కీళ్ళకు ఇంకొక కీలు కలిపినట్టే అవుతుందన్నాడు. రెండోది, కంపెనీవారే 1990లలో అంబాసిడర్ 1800 ఐ.ఎస్.జడ్. అనే బండిలో ఇసుజు ఇంజనుతో పాటు ఇచ్చిన ఐదు గేర్ల పెట్టె తెచ్చి వేయడం. దానికి రాడ్డు పెట్టె పైనుండే నేరుగా లేస్తుంది, మధ్యలో లింకులే ఉండవు. పైగా ఐదవ గేరు ఓవర్‌డ్రైవ్.

ఓవర్‌డ్రైవ్ అంటే ఏమిటని మా యౌవనస్థులు అడిగారు. మన పాత నాలుగు గేర్ల బండిలో నాలుగవది నేరు గేరు. ఇంజను ఒక చుట్టు తిరిగితే వెనుకకు పోయే ప్రొపెల్లర్ షాఫ్టు కూడా ఒక చుట్టే తిరుగుతుంది. ఓవర్‌డ్రైవ్‌లో షాఫ్టు ఇంజను కంటే వేగంగా తిరుగుతుంది. సైకిలు చూడండి, తొక్కే పెద్ద చక్రం ఒకసారి తిరిగితే వెనుక చిన్న చక్రం రెండు మూడుసార్లు తిరుగుతుంది, అదే సూత్రం. ఉదాహరణకు ఆ నిష్పత్తి 0.8 అనుకుంటే, నాలుగులో నిమిషానికి 3000 చుట్లు తిరిగే ఇంజను అదే వేగానికి ఐదులో 2400 తిరిగితే చాలు. చప్పుడు తగ్గుతుంది, అరుగుదల తగ్గుతుంది, పెట్రోలు కొంత మిగులుతుంది. అయితే లాగే బలం కూడా అంత మేర తగ్గుతుంది. ఇది సమతలం మీద చల్లగా పోవడానికే గాని ఎత్తు ఎక్కడానికి కాదు.

ఇంకొక విచిత్రం చదివాను. గేరు రాడ్డు అంతకుముందు చాలా కార్లలో నేల మీదనే ఉండేదట. 1930ల చివరలో అమెరికా కంపెనీలు దానిని స్టీరింగు మీదికి ఎక్కించాయి, ముందు సీటులో ముగ్గురు కూర్చోవచ్చని. అదే కాలంలో అక్కడ మూడు గేర్ల పెట్టె వెనుక ఓవర్‌డ్రైవ్ అనే విడి పెట్టె తగిలించడం వాడుకలోకి వచ్చింది. దానికి డ్యాష్‌బోర్డు కింద లాగే పిడి ఒకటి, కరెంటు తీగ ఒకటి. అందుకని అక్కడి పాత కార్ల ప్రియులు రాడ్డును మళ్ళీ నేలకు దింపినా ఓవర్‌డ్రైవ్‌కు ఇబ్బంది రాదట. నేల నుండి లేచింది మళ్ళీ నేలకే దిగింది. మధ్యలో ఉన్న ముప్పై నలభై ఏళ్ళు ముగ్గురు కూర్చున్న ఏళ్ళు.

2023 వేసవిలో పని మొదలైంది. ఇసుజు పెట్టె రాణీగంజ్ పాత సామాను అంగళ్ళలో తిరిగి తిరిగి దొరికింది. వారం అన్న పని ఐదు వారాలు పట్టింది. ఎందుకో చెబుతాను, ఇలాంటి పని పెట్టుకునేవారు తెలుసుకోవాలి.

మా ఇంజను ఒక కుటుంబం, ఆ పెట్టె ఇంకొక కుటుంబం. రెండింటి బోల్టు రంధ్రాలు కలవవు. మధ్యలో మందమైన ఇనుప పలక కోయించి, ఒక వైపు ఇంజనుకు, మరొక వైపు పెట్టెకు సరిపోయేలా రంధ్రాలు వేయించాలి. ఆ పలక కర్నూలులో లేతు మీద చేయించాము. క్లచ్ ప్లేటు మా ఇంజనుకు తగిన కొలతే ఉండాలి, కానీ దాని నడుమ పళ్ళు ఇసుజు షాఫ్టుకు తగినవి కావాలి. ఇంజను వెనుక కొసలో గేరు షాఫ్టు ముక్కు కూర్చునే చిన్న బుష్షును కొత్తగా తిప్పించాలి. ఐదు గేర్ల పెట్టె కొలత వేరు గనుక ప్రొపెల్లర్ షాఫ్టు కోసి, అతికించి, బ్యాలెన్సు చేయించాలి. పెట్టె వెనుక భాగం ఆనుకునే అడ్డపట్టీ కొత్తది. ఇవన్నీ అయ్యాక నేలకు రంధ్రం, రాడ్డు, దాని చుట్టూ దుమ్ము రాకుండా రబ్బరు తొడుగు.

మొదటిసారి బిగించి నడిపితే క్లచ్ వదిలేటప్పుడు బండి గజగజ వణికింది, లోపల ఏదో రుబ్బుతున్న చప్పుడు. మేస్త్రీ ముఖం చిన్నబోయింది. వనపర్తి పాలిటెక్నిక్‌లో చదివిన మా సంఘపు అబ్బాయి ఒకడు డయల్ గేజి అడిగి తెచ్చాడు. కొలిస్తే పలక నడుమ వెంట్రుక మందమంత పక్కకు జరిగి ఉంది. ఇంజను మధ్య, షాఫ్టు మధ్య ఒకే గీత మీద లేవు. మళ్ళీ విప్పారు, మళ్ళీ కర్నూలు, మళ్ళీ బిగింపు. రెండవసారి చప్పుడు లేదు. మేస్త్రీ రెండోసారి చేసిన పనికి కూలి తీసుకోలేదు, నేను బలవంతం చేసినా తీసుకోలేదు. మొత్తం 62 వేలు అయ్యాయి. అందులో 20 వేలు ఆ రైలు గేటు సంగతి విన్నవారు ఇచ్చినవి.

పొడుగు సీటు తీసిన రోజు నేను షెడ్డులోనే ఉన్నాను. దాని కింద ఏమేమి దొరికాయో! ఒక పది పైసల బిళ్ళ, నా చిన్నప్పటి పలక బలపం, పిల్లల పిన్నీసులు, ఎండిపోయిన పుట్నాలు గుప్పెడు. మేస్త్రీ సుద్దతో నేల మీద గుండ్రం గీసి, "కొయ్యనా సాబ్?" అన్నాడు. "కొయ్యి" అన్నాను. సరిగ్గా అమ్మ పాదాలు పెట్టుకునే చోటు అది.

బండి ఇంటికి తెచ్చిన సాయంకాలం అందరూ చుట్టూ మూగారు. ఎర్రని రెక్సిన్ కుర్చీలు రెండు, మధ్యలో నల్లని గుండుతో రాడ్డు. పిల్లలు హారన్ కొట్టారు. అమ్మ కొంగు భుజం చుట్టూ కప్పుకొని వచ్చి, ముందు తలుపు తీసి, కొంచెంసేపు లోపలికి చూసి అడిగింది:

"బాగుంది నాయినా. మరి నేను యాడ గూసోవాల?"

నేను నవ్వుతూ, "వెనుక మహారాణిలాగ కూర్చో అమ్మా" అన్నాను. ఆమె కూడా నవ్వింది. ఆ విషయం అక్కడితో అయిపోయిందనుకున్నాను.

బండి నడక గురించి అడిగేవారికి నేను చెప్పే "బాగుంది" అబద్ధం కాదు. చెయ్యి కిందికి వేలాడినట్టే ఉంచి గేరు మార్చవచ్చు, భుజం ఎత్తనక్కరలేదు. గేరు ఒక్కసారి కూడా లాక్ కాలేదు. పెబ్బేరు దాటాక హైవే మీద అరవై అరవైఐదు వేగంలో ఐదవది వేస్తే ఇంజను గొంతు తగ్గి, లోపల మాటలు వినబడతాయి. ఎత్తు వస్తే మాత్రం నాలుగుకు దించక తప్పదు, అది చిన్న ఇంజను. స్పీడోమీటరు కొంతకాలం అబద్ధం చెప్పింది, కిలోమీటరు రాళ్ళకు గడియారం పెట్టి తేడా కనుక్కొని గుర్తు పెట్టుకున్నాను. తనిఖీలో అభ్యంతరం రాలేదు.

ఇక రెండవ సగం. ఆ వర్షాకాలమంతా అమ్మ రాత్రి కూడికలకు రాలేదు. "మోకాళ్ళు నాయినా, మీరు పోయిరండి" అనేది. డెబ్బై ఎనిమిది ఏళ్ళు, మోకాళ్ళంటే నమ్మాను. నొప్పుల తైలం తెచ్చి ఇచ్చాను. ఆమె కోసం సంఘంలో ప్రార్థన కూడా చేయించాను, సిగ్గు విడిచి చెబుతున్నాను. ఎవరైనా స్త్రీలు "అమ్మమ్మ రాలేదేమి అయ్యగారూ?" అంటే మోకాళ్ళేనని చెప్పేవాడిని.

సెప్టెంబరులో ఒక రాత్రి నాగర్‌కర్నూలు నుండి వస్తూ బిజినేపల్లి దాటాక నాకు కన్ను మూతపడింది. ఒక్క క్షణమే. ఎడమ చక్రాలు మట్టిలోకి దిగిన కుదుపుకు మెలకువ వచ్చింది. మా ఇంటావిడ కూడా పక్క కుర్చీలో నిద్రపోయింది. బండి పక్కకు ఆపి, ముఖం కడుక్కొని, ఇద్దరం మాట్లాడకుండా చాలాసేపు కూర్చున్నాము. అప్పుడు ఆమె అంది, "ఏమండీ, అత్తమ్మకు మోకాళ్ళు కాదండీ. కిందటి వారం అంగడికి నడిచే పోయివచ్చింది."

నేను మేస్త్రీని అడిగాను. పెద్దలను అడిగాను. ఆఫీసులో అడిగాను. హైదరాబాదు మిత్రుణ్ణి అడిగాను. ఇంటావిడను అడిగాను. ఆ చోటులో నలభై ఏళ్ళు కూర్చున్న మనిషిని మాత్రం అడగలేదు. ప్రతి సంవత్సరం తల్లిదండ్రులను సన్మానించుట గురించి ప్రసంగం చేసేవాడిని నేను. వెనుక సీటులో కూర్చుంటే ఆమెకు రోడ్డు కనబడదు, డ్రైవరు చెవి అందదు, బొరుగులు పెట్టడానికి చెయ్యి అందదు. మహారాణి అన్నాను గానీ ఆమె పనిలోనుండి ఆమెను తీసివేశాను.

ఇంకొక మాట కూడా చెప్పి తీరాలి. డిక్కీలో పడేసిన పాత లింకుల కట్టను వనపర్తిలో ఒక ముసలి డ్రైవరు చూశాడు. ఒక్కొక్క కీలును వేలితో ఊపి చూసి, "బుష్షులు పోయినయ్ గంతే. ఇవి మార్పించి బిగువు సర్దితే ఇంకో పదేండ్లు నడుస్తుండె" అన్నాడు. ఎంతవుతుండె అని అడిగాను. ఆయన చెప్పిన అంకె ఇక్కడ రాయను, విరాళం ఇచ్చినవారు ఈ పత్రిక చదువుతారు. అప్పుడు నా భుజం సంగతి ఏమయ్యేదో ఆయనకు తెలియదు, గేరు ఎక్కడున్నదీ భుజానికి తెలుసు. వ్యాయామాలు చేస్తే ఏడాదికి భుజం చాలావరకు వదిలిన మాట కూడా నిజమే. నేను చేసింది సరియా కాదా అని ఈ నాటికీ ఒకరోజు ఒకలా, ఇంకొకరోజు ఇంకోలా అనిపిస్తుంది. కోసిన నేలను మళ్ళీ అతికించలేను.

ఆ మరుసటి ఆదివారం కూడికకు బయలుదేరేటప్పుడు మా ఇంటావిడ ఎవరితోనూ ఏమీ అనకుండా వెళ్ళి వెనుక కూర్చుంది. నేను అమ్మ దగ్గరికి వెళ్ళి, "అమ్మా, నిన్ను అడగకుండా చేసినాను, తప్పు నాది. ముందు కూర్చో రా" అన్నాను. "అది కోడలి సీటురా" అంది. "కోడలే ఇచ్చింది" అన్నాను. చాలాసేపు చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ నిలబడి, చివరకు ఎక్కింది. కుర్చీ లోతుగా ఉందని గొణిగింది. మధ్యలో ఉన్న రాడ్డును కొత్త కోడలిని చూసినట్టు పక్కచూపులు చూసింది. కొంగులో బొరుగుల మూట ఉంది. ఎప్పుడు కట్టుకుందో తెలియదు.

ఎర్రవల్లి చౌరస్తా దాటి హైవే ఎక్కాము. బీచుపల్లి వంతెన మీద నాలుగవ గేరులో పోతున్నాము. కృష్ణలో నీళ్ళు నిండుగా ఉన్నాయి. అమ్మ నీళ్ళ వైపు చూడడం లేదు, తల కొంచెం వంచి ఇంజను వింటున్నది. వంతెన దిగాక నా అరచేతిలో పిడికెడు బొరుగులు పెట్టి అంది:

"ఇంకొక గేరు పెట్టించినవంట గదరా, అరవై వేలు పోసి. ఎయ్యి మరి."